పోటీ వాళ్లదే, రూల్సూ వాళ్లవే: మా పాపను చీర్‌లీడింగ్ మాన్పించాలా?

ప్రశ్న: మేము డాలస్ దగ్గర ఉంటాం. మా పాపకు 11 ఏళ్లు. మూడేళ్ల నుంచి ఒక ప్రైవేట్ జిమ్‌లో ఆల్-స్టార్ చీర్‌లీడింగ్, అంటే స్కూల్‌తో సంబంధం లేకుండా పోటీల కోసమే చేసే చీర్, నేర్చుకుంటోంది. ఇప్పుడు టీమ్‌లో ఫ్లయర్, అంటే మిగతా పిల్లలు పైకెత్తి నిలబెట్టే పిల్ల. చీర్ అంటే దానికి ప్రాణం. కానీ ఈ ఏడాది ఖర్చు 7,000 డాలర్లు దాటింది. యూనిఫాం, షూస్, తలకి పెట్టుకునే బో, పోటీ ఫీజు, వాళ్లు చెప్పిన హోటల్లోనే గది, మేము కూర్చుని చూడ్డానికి మళ్లీ టికెట్లు. దేంట్లోనూ బేరం లేదు. పోటీలు పెట్టే కంపెనీ, రూల్స్ చేసే సంస్థ రెండూ ఒకటేనని ఇంకో పేరెంట్ చెప్పింది. నిజమేనా? పోయిన నెల పోటీకి ముందు రోజు పాప చీలమండ వాచింది. కోచ్ టేప్ చుట్టి ఆడించారు. "నేను లేకపోతే స్టంట్ పోతుంది మమ్మీ" అని పాపే ఏడ్చింది. మావారు మాన్పించెయ్యమంటున్నారు. ఇంతలో జిమ్ ఓనర్ నన్ను బూస్టర్ క్లబ్ (టీమ్ కోసం తల్లిదండ్రులు విరాళాలు పోగుచేసే క్లబ్) ట్రెజరర్‌గా ఉండమన్నారు. ఉంటే పాప ఫీజులో కొంత తగ్గిస్తారట. ఏం చెయ్యమంటారు?
— ఒక తల్లి, టెక్సాస్

సమాధానం:

అమ్మా, ముందు చీలమండ సంగతి చూద్దాం. డబ్బు, ట్రెజరర్ పదవి తర్వాత.

పోయిన నెల వాచిన కాలిని ఇప్పటిదాకా డాక్టర్‌కి చూపించారో లేదో మీరు రాయలేదు. చూపించకపోతే ఈ వారమే పిల్లల ఎముకల డాక్టర్‌కో, పిల్లల స్పోర్ట్స్ మెడిసిన్ డాక్టర్‌కో చూపించండి. పదకొండేళ్ల పిల్లల్లో ఎముకల చివర ఎదుగుదల జరిగే భాగం ఇంకా గట్టిపడి ఉండదు. పెద్దవాళ్లకి బెణుకుతో పోయే దెబ్బ పిల్లలకి ఆ భాగంలో చీలికగా మారవచ్చు. పైకి రెండూ ఒకేలా కనిపిస్తాయి. వాపు తగ్గింది, పాప నడుస్తోంది కదా అని ఊరుకోవద్దు. మళ్లీ ఎప్పటినుంచి స్టంట్ చెయ్యొచ్చో డాక్టర్ చేత కాగితం మీద రాయించుకుని జిమ్‌కి ఇవ్వండి. ఆ కాగితం లేకుండా ప్రాక్టీస్‌కి పంపకండి, పోటీ ఎంత దగ్గర్లో ఉన్నా సరే.

ఫ్లయర్ పని ఏమిటో మీకు తెలుసు, కానీ మీవారు ఎప్పుడైనా దగ్గరగా చూశారో లేదో. కింద మోసే ఇద్దరు బేస్‌లు, వెనక నుంచి పట్టుకునే ఒక బ్యాక్‌స్పాట్, అందరూ ఆ ఈడు పిల్లలే. వాళ్ల అరచేతుల మీద ఈ పిల్ల ఒంటికాలితో నిలబడి, రెండో కాలిని చేత్తో పట్టుకుని చెవి దాకా లేపి, మొహం మీద నవ్వు చెరగకుండా ఉండాలి. ఒంటి బరువంతా ఆ ఒక్క చీలమండ మీదే ఉంటుంది. అది వణికితే కింద ఉన్న ముగ్గురి చేతులూ కదులుతాయి. పడితే ఒక్క పిల్లే దెబ్బ తినదు, పట్టుకోబోయిన పిల్ల ముక్కో మెడో కూడా పోతుంది. "నేను లేకపోతే స్టంట్ పోతుంది" అని మీ పాప ఏడ్చిందంటే అది బాధ్యత తెలిసిన పిల్ల. ఆ ఏడుపుని పెద్దవాళ్లు ఆడించడానికి అనుమతిగా తీసుకోకూడదు. వద్దని చెప్పే పని పెద్దవాళ్లది. కోచ్ ఆ పని చెయ్యలేదు కాబట్టి మీరు చెయ్యాలి.

ఇక మీ ప్రశ్న. రెండూ ఒకటేనా? కాగితాల మీద వేరు వేరు సంస్థలే. పుట్టుక నుంచి పెంపకం దాకా చూస్తే మీ స్నేహితురాలు చెప్పింది అబద్ధం కాదు.

ఈ పోటీలు పెట్టే పెద్ద కంపెనీ పేరు వర్సిటీ. దానికి మూలం 1974లో జెఫ్ వెబ్ మొదలుపెట్టిన చీర్ క్యాంపులు. అంతకుముందు ఆయన పనిచేసింది ఎన్‌సీఏ (నేషనల్ చీర్‌లీడర్స్ అసోసియేషన్)లో. దాన్ని 1948లో మీ టెక్సాస్‌లోనే లారెన్స్ హెర్కిమర్ పెట్టారు. క్యాంపుల తర్వాత యూనిఫాంలు, ఆ తర్వాత పోటీలు. పోటీగా ఉన్నవాళ్లను ఒక్కొక్కరినే కొనుక్కుంటూ వచ్చారు: 2004లో ఆ ఎన్‌సీఏనే, 2015లో జామ్ బ్రాండ్స్, 2018లో ఎపిక్ బ్రాండ్స్. కంపెనీ కూడా పెట్టుబడి సంస్థల చేతులు మారుతూ వచ్చింది. 2014లో చార్లెస్‌బ్యాంక్, 2018లో బెయిన్ క్యాపిటల్, 2024లో కేకేఆర్. ఇలాంటి పెట్టుబడిదారులు కొన్నేళ్లలో లాభం చూసుకుని అమ్ముకునే లెక్కతోనే కొంటారు. ఆ లాభం ఎక్కడినుంచి రావాలో మీ క్రెడిట్ కార్డ్ స్టేట్‌మెంట్ చూస్తే తెలుస్తుంది.

ఆల్-స్టార్ చీర్‌కి రూల్స్ చేసేది యూఎస్ఏఎస్ఎఫ్ అనే సంస్థ. అది 2003లో పుట్టింది. దాన్ని నిలబెట్టడానికి వర్సిటీ వడ్డీ లేకుండా 18 లక్షల డాలర్ల అప్పు ఇచ్చింది. బోర్డులో పోటీలు నిర్వహించే బ్రాండ్లకు శాశ్వత సీట్లు పెట్టారు. ఆ బ్రాండ్లు క్రమంగా వర్సిటీ చేతికి వచ్చేసరికి ఆ సీట్లూ అటే వచ్చాయి. ఓర్లాండోలో డిస్నీ వరల్డ్ దగ్గర జరిగే వరల్డ్స్ అనే ప్రపంచ స్థాయి పోటీకి వెళ్లాలంటే బిడ్, అంటే అర్హత ఆహ్వానం, రావాలి. ఆ బిడ్లు ఇచ్చే హక్కు ఎంపిక చేసిన కొన్ని పోటీలకే ఉంటుంది, వాటిలో ఎక్కువ వర్సిటీవే. మీ పాప లెవెల్‌లో పిల్లలు కలలు కనే సమ్మిట్ అయితే పూర్తిగా వర్సిటీ సొంత పోటీ. చీర్ అంతర్జాతీయ సంఘానికి ఒలింపిక్ కమిటీ పూర్తి గుర్తింపు 2021లో వచ్చింది. అప్పుడు కూడా దాని అధ్యక్షుడు ఇదే జెఫ్ వెబ్.

మన ఊళ్లలో కొన్ని ప్రైవేట్ స్కూళ్లు పుస్తకాలు, టై, బెల్టు, చివరికి నోట్‌బుక్ అట్టలు కూడా స్కూల్ కౌంటర్లోనే కొనాలంటాయి. ఆ స్కూలే పరీక్ష బోర్డుని కూడా నడుపుతోందని ఊహించుకోండి. మీరున్నది అక్కడ.

దీని మీద కోర్టుకి వెళ్లినవాళ్లు ఉన్నారు. 2020లో టెనెసీ ఫెడరల్ కోర్టులో జిమ్‌ల తరఫున, తల్లిదండ్రుల తరఫున దావాలు పడ్డాయి. పోటీ లేకుండా చేసి ధరలు పెంచారన్నది వాళ్ల వాదన. మొదటిదాన్ని కంపెనీ 2023లో 4 కోట్ల 35 లక్షల డాలర్లకు, తల్లిదండ్రులదాన్ని 2024లో 8 కోట్ల 25 లక్షల డాలర్లకు సెటిల్ చేసుకుంది. తప్పు చేశామని ఒప్పుకోలేదు. కానీ డబ్బుతో పాటు వ్యాపార పద్ధతుల్లో కొన్ని మార్పులకు ఒప్పుకుంది. అంటే మీ అసహనం మీ ఒక్కరి పిసినారితనం కాదు. మీలాంటి తల్లిదండ్రులే లాయర్లను పెట్టుకుని కొంతైనా కదిలించారు.

ఇందులో మీ జిమ్ ఓనర్ ఎక్కడున్నారో చూడండి. మీకు ట్రెజరర్ పదవి విషయంలో ఇదే ముఖ్యం. వర్సిటీ పోటీలకు ఎంత ఎక్కువగా వెళ్తే, వాళ్ల యూనిఫాంలు ఎంత ఎక్కువగా కొంటే, జిమ్‌కి అంత రిబేట్ ఇచ్చే పథకాలు నడిచాయి. వాటికి ఫ్యామిలీ ప్లాన్, నెట్‌వర్క్ అగ్రిమెంట్ అని పేర్లు. ఖర్చు పెట్టింది మీరు. రిబేట్ చెక్కు వెళ్లేది జిమ్‌కి. అందరు ఓనర్లూ దాన్ని జేబులో వేసుకున్నారని నేననను. చాలా జిమ్‌లు ఆ డబ్బుతోనే అద్దె కట్టుకుంటాయి, కోచ్‌లకు జీతాలిస్తాయి. కానీ ఏ పోటీకి వెళ్లాలో నిర్ణయించే మనిషికి ఒక కంపెనీ పోటీలకు వెళ్తేనే లాభం ఉందంటే, ఆ సంగతి ఫీజు కట్టేవాళ్లకి తెలియాలి. మీ జిమ్‌కి ఇలాంటి ఒప్పందం ఉందో లేదో నాకు తెలియదు. మీరు అడగొచ్చు, అడగాలి. మర్యాదగా ఒక ఈమెయిల్ రాయండి: "ఈ సీజన్‌లో ఏ కంపెనీతోనైనా రిబేట్ గానీ ఎక్స్‌క్లూజివ్ ఒప్పందం గానీ ఉందా? ఉంటే అది మా ఫీజుల్లో ఎలా కనిపిస్తుంది?" అని. జవాబు ఇచ్చే ఓనర్‌తో కలిసి నడవొచ్చు. ఈ ప్రశ్నకే కోపం తెచ్చుకుంటే, అదీ మీకు తెలియాల్సిన విషయమే.

హోటల్ సంగతి కూడా అంతే. స్టే-టు-ప్లే అని, నిర్వాహకులు చెప్పిన చోటే గది తీసుకోవాలి, లేకపోతే టీమ్‌కే ఇబ్బంది. అదే హోటల్లో అదే గది బయట వెబ్‌సైట్‌లో తక్కువకి కనిపిస్తున్నా తీసుకోలేని పరిస్థితి. అన్ని పోటీలకూ ఈ షరతు ఉండదు. డాలస్‌లోనే జరిగే పోటీకి ఇంటి నుంచి వెళ్లేవాళ్లకి వర్తిస్తుందో లేదో ముందే రాతలో అడగండి. షరతు లేని ఒక్కరోజు పోటీలు ఎక్కువగా పెట్టుకోమని నలుగురైదుగురు తల్లిదండ్రులు కలిసి అడిగితే ఓనర్లు వింటారు. ఒక్కరే అడిగితే గొడవపెట్టే తల్లి అన్న ముద్ర పడుతుంది.

ట్రెజరర్ పదవికి నా సలహా: వద్దు. కనీసం వాళ్లు చెప్పిన పద్ధతిలో వద్దు.

మొదటిది, బూస్టర్ క్లబ్‌కి పన్ను మినహాయింపు, అంటే 501(సి)(3) హోదా ఉంటే, అక్కడ వచ్చిన డబ్బు పిల్లలందరికీ ఉపయోగపడాలి. పనిచేసిన తల్లి కూతురి ఫీజులోనే తగ్గిస్తామంటే చిక్కు. 2013లో క్యాపిటల్ జిమ్నాస్టిక్స్ బూస్టర్ క్లబ్ అనే వర్జీనియా సంస్థ విషయంలో టాక్స్ కోర్టు ఇదే చెప్పింది. అక్కడ తల్లిదండ్రులు అమ్మకాలు చేసి పాయింట్లు తెచ్చుకుంటే వాళ్ల పిల్లల ఖర్చే తగ్గేది. పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ ఆ క్లబ్ హోదా తీసేసింది, కోర్టు దాన్ని సమర్థించింది. ఆ జిమ్నాస్టిక్స్ కథకీ మీ చీర్ జిమ్‌కీ పెద్ద తేడా లేదు.

రెండోది, మీరు రాయలేదు గానీ, మీరు హెచ్-4 (హెచ్-1బి ఉద్యోగి భార్య లేదా భర్తకు ఇచ్చే) వీసా మీద వర్క్ పర్మిట్ లేకుండా ఉంటే ఇంకా జాగ్రత్త. ఊరికే సాయం చెయ్యడం వేరు, చేసిన పనికి బదులు ఫీజు తగ్గించుకోవడం వేరు. రెండోదాన్ని జీతంగా చూసే ప్రమాదం ఉంది. మీ ఇమ్మిగ్రేషన్ లాయర్‌ని ఒక్క మాట అడక్కుండా దేనికీ తలూపకండి. కొన్ని వందల డాలర్ల కోసం గ్రీన్ కార్డ్ ఫైలుకి టెన్షన్ తెచ్చుకోవద్దు.

మూడోది, నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది. పైన ఒక కంపెనీ, దాన్ని అదుపు చెయ్యాల్సిన సంఘం ప్రయోజనాలు ఒకదాంతో ఒకటి కలిసిపోయాయని మీరు బాధపడుతున్నారు. ఈ పదవి ఒప్పుకుంటే మీరూ అదే కుర్చీలో కూర్చుంటారు. పాప ఫీజు ఓనర్ చేతిలో ఉంటుంది, ఓనర్ లెక్కలు మీ చేతిలో ఉంటాయి. రేపు ఒక బిల్లు తేడాగా కనిపిస్తే అడగగలరా? పాపని ఫ్లయర్ నుంచి తీసేస్తారేమోనన్న భయం రాదా? మీరు నిజాయితీపరులే. ఆ భయమే మీ నోరు నొక్కేస్తుంది.

ఆ క్లబ్ జిమ్‌కి సంబంధం లేని సొంత బ్యాంకు ఖాతాతో, ఓనర్‌కి సంతకం హక్కు లేకుండా, రెండు సంతకాల చెక్కులతో, ప్రతి మూడు నెలలకీ తల్లిదండ్రులందరికీ లెక్కలు చూపిస్తూ నడిస్తే, అప్పుడు తగ్గింపు ఏమీ తీసుకోకుండా మెంబర్‌గా చేరండి. ట్రెజరర్ పని టీమ్‌లో పిల్లలు లేని మనిషి చేస్తే ఇంకా మంచిది. ఓనర్‌తో చెప్పడానికి పెద్ద ఉపన్యాసం అక్కర్లేదు. "అడిగినందుకు థాంక్స్. పాప టీమ్‌లో ఉండగా డబ్బు పని చూడటం నాకు సరిగ్గా అనిపించట్లేదు. పోటీల రోజు వాలంటీర్ పనికి పిలవండి, వస్తాను" అంటే చాలు.

ఇప్పుడు మీవారి మాటకి వస్తాను. మాన్పించాలా అన్నదానికి ఖర్చు ఒక్కటే కారణమైతే నేను తొందరపడను. డబ్బు మీ ఇంటి లెక్క. ఎక్కువ కడుతున్నామని తెలిసీ, ఎవరికి వెళ్తోందో తెలిసీ, పాప సంతోషం కోసం కట్టాలనుకుంటే అది తప్పు కాదు. రెండున్నర నిమిషాల రొటీన్ కోసం ఇరవై మంది పిల్లలు నెలల తరబడి ఒకరి బరువు ఒకరు మోస్తారు. ఆ నమ్మకం బయట దొరకడం కష్టం. గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న అమ్మమ్మలకి ఇది గెంతులాటలా కనిపించవచ్చు. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ మాత్రం దీన్ని పూర్తి స్థాయి క్రీడగా గుర్తించాలని 2012లోనే అడిగింది. గౌరవం కోసం అడగలేదు. క్రీడగా చూస్తేనే శిక్షణ ఉన్న కోచ్‌లు, తల దెబ్బలకు పద్ధతులు, వైద్య సాయం వస్తాయని అడిగింది.

భద్రత విషయంలో మాత్రం నేను కాస్త కూడా సర్దుకోను. సంఘం ఉంది, రూల్స్ ఉన్నాయి, కోచ్‌లకు సర్టిఫికెట్లు ఉన్నాయి అన్న ధైర్యంతో పిల్లల్ని వదిలెయ్యకండి. కంచే చేను మేసిన సందర్భాలు ఈ రంగంలో ఉన్నాయి. పిల్లలపై లైంగిక నేరాలకు శిక్ష పడ్డవాళ్లు కూడా చీర్ సంఘం నిషేధితుల జాబితాలో లేకపోవడాన్ని 2020లో యూఎస్‌ఏ టుడే పత్రిక బయటపెట్టింది. టీవీ సిరీస్‌తో దేశమంతా పేరొచ్చిన ఒక యువ చీర్ స్టార్‌కు మైనర్ల కేసులో 2022లో 12 ఏళ్ల జైలు పడింది. అదే ఏడాది సౌత్ కరొలైనాలో ఒక జిమ్ కోచ్‌ల మీద ఆరోపణలతో దావాలు పడ్డాయి, వర్సిటీనీ యూఎస్‌ఏఎస్‌ఎఫ్‌నీ కూడా ప్రతివాదులుగా చేర్చారు. పిల్లల్ని రక్షించే జాబితా రాసే సంఘం, పిల్లలు ఎక్కువమంది వస్తేనే లాభపడే కంపెనీ అప్పుతో పుట్టినప్పుడు, ఫిర్యాదు వచ్చిన రోజు ఎవరి పక్షాన నిలబడుతుందన్న అనుమానం ఎవరికైనా వస్తుంది. అలా అడిగే తల్లిని అతిగా భయపడుతోందని ఎవరైనా అంటే పట్టించుకోకండి.

కాబట్టి ఇవి మీరే చూసుకోవాలి. పాపతో ఏ కోచ్ అయినా ఒంటరిగా, తలుపు మూసిన గదిలో ఉండకూడదు. ప్రాక్టీస్‌ని తల్లిదండ్రులు ఎప్పుడైనా చూసే వీలుండాలి. కోచ్ పాపకి విడిగా మెసేజ్‌లు, స్నాప్‌చాట్‌లు పంపకూడదు, పంపితే మీరు కూడా ఆ గ్రూపులో ఉండాలి. ఊరు దాటి వెళ్తే హోటల్ గది కోచ్‌తో పంచుకునే ప్రసక్తే లేదు. కోచ్ పేర్లు సేఫ్‌స్పోర్ట్ సెంటర్ (ఆటల్లో వేధింపుల ఫిర్యాదులు చూసే సంస్థ) వెబ్‌సైట్‌లో, చీర్ సంఘాలు పెట్టే నిషేధ జాబితాలో వెతికి చూడండి. పేరు లేకపోయినంత మాత్రాన నిశ్చింత కాదు, కానీ వెతకడానికి ఐదు నిమిషాలు చాలు. ఎప్పుడైనా అనుమానం వస్తే ముందు జిమ్ ఓనర్‌కి చెప్పి ఊరుకోవద్దు, నేరుగా పోలీసులకో రాష్ట్ర పిల్లల రక్షణ విభాగానికో చెప్పాలి. టెక్సాస్‌లో అలాంటి అనుమానం ఉన్న ఎవరైనా రిపోర్ట్ చెయ్యడం చట్టం. "మన పరువు పోతుంది, మన తెలుగువాళ్లలో తెలుస్తుంది" అన్న మాట ఇంట్లో ఎవరి నోటి నుంచి వచ్చినా అక్కడే ఆపండి.

పాపతో కూడా మాట్లాడండి, కారులో కాకుండా ఇంట్లో తీరిగ్గా. "నొప్పి ఉందని చెప్తే టీమ్‌ని మోసం చేసినట్టు కాదు" అని మీవారి నోటితోనే చెప్పించండి. ఆయన మాన్పించమన్నది కోపంతో కాదు, కూతురి కాలు చూసి. ఆ మాట దానికి కోపంలా వినిపించకూడదు. చీర్‌లో దానికి బాగా నచ్చింది ఏమిటో అడగండి. పైకి ఎక్కడమా, టంబ్లింగా (పల్టీలు కొట్టడమా), స్నేహితులా? టంబ్లింగ్ అయితే జిమ్నాస్టిక్స్ ఉంది. స్నేహితులు, ఆట కలిసి కావాలంటే పోటీలు తక్కువగా ఉండే ప్రెప్ టీమ్‌లు, సగం సీజన్ టీమ్‌లు ఉంటాయి. తక్కువ ఖర్చు, తక్కువ ప్రయాణాలు. ఇంకో ఏడాది రెండేళ్లలో మిడిల్ స్కూల్ చీర్ కూడా దారే. అయితే అక్కడా యూనిఫాం, క్యాంప్ అదే కంపెనీవి అయ్యే అవకాశం ఎక్కువ, దానికి సిద్ధపడండి.

చాలా జిమ్‌లలో ట్రయౌట్స్, అంటే టీమ్‌కి ఎంపికలు, మే నెల చుట్టూ జరుగుతాయి. అప్పుడు ఏడాది మొత్తానికి కాంట్రాక్ట్ మీద సంతకం అడుగుతారు. మధ్యలో మానేస్తే ఎంత కట్టాలో, దెబ్బ తగిలితే ఫీజు ఆపుతారో లేదో అందులోనే ఉంటుంది. సంతకానికి ముందు మూడు కాగితాలు చేతికి తెచ్చుకోండి: ఏడాది మొత్తం ఖర్చు పట్టిక, దెబ్బ తగిలిన పిల్లల్ని మళ్లీ ఆడించే పద్ధతి, పెద్దవాళ్లు పిల్లలతో ఎలా మెలగాలన్న రూల్స్. డాక్టర్ కాగితానికి కోచ్ ఎలా స్పందించారో అప్పటికి మీకు తెలిసే ఉంటుంది. అది బాగాలేకపోయినా, ఈ మూడింటిలో ఏది రాకపోయినా, పాప పేరు ఇంకో జిమ్ ట్రయౌట్‌లో కూడా రాయించి పెట్టండి. మీ డాలస్ చుట్టుపక్కల చీర్ జిమ్‌లకు కొదవ లేదు.